ఎదురు దుకాణం బంక

మా పెద్దబాపు దినాలకు సిద్దిపేట వెళ్ళినప్పుడు, ఆయన పెద్దకొడుకు రమేశన్న నన్ను పక్కకు పిలిచి, సాయంత్రం పదిమంది కూర్చున్న చోట ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పమన్నాడు. "నువ్వు సదువుకున్నదానివి చెల్లె. ఆడిట్ల నౌకరి జేసినదానివి. నాయిన నిజాయితీ గురించి నువ్వు జెప్తె ఆ మాటకు బరువుంటది," అన్నాడు. నిజాయితీ అన్న మాట చెవిన పడగానే నా ముక్కుకు మైదాపిండి ఉడుకుతున్న వాసన తగిలింది. ఆ వాసనకూ ఆ మాటకూ ఉన్న సంబంధం ఆ ఇంట్లో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ ఆ పందిరి కింద కూర్చున్న పెద్దలు ఒకరి తర్వాత ఒకరు, ఆ కాలమే వేరని, అప్పుడు కల్తీ అన్న మాటే ఎరగమని, ముదురు గొంతులతో చెప్పుకుంటూ పోయారు. నేను వింటూ కూర్చున్నాను. పళ్ళు బిగబట్టి కూర్చున్నానని రాయడమే సరి.

లెక్కలు చూడడం నా వృత్తి. తేదీ వేయకుండా ఒక్క వాక్యమైనా రాయకపోవడం నా అలవాటు. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. అయినా నా జ్ఞాపకాల ఈ అధ్యాయంలో తేదీలు వేయడం లేదు. తేదీ వేస్తే ఆ సంగతి ఆ రోజుతో ముగిసిపోయినట్లు కనిపిస్తుంది. ఇది ముగియలేదు. ఎనభైల చివరి సంవత్సరాలు, నేను పదో తరగతి, మాది ఉమ్మడి కుటుంబం. చదివేవారికి ఇంత తెలిస్తే చాలు.

మా దుకాణం బజారు వైపు, ఇల్లు దాని వెనక. మధ్యలో బండలు పరిచిన వాకిలి, వాకిట్లో నీళ్ళ హౌజు. అది రంగుల దుకాణం. గోడలకు వేసే సున్నం, నీలిమందు, జాజు, తలుపులకు పూసే వార్నిష్, లప్పం, టర్పెంటు, మేకులు, బంక. ఇంట్లో ఏ గదిలో నిలబడ్డా టర్పెంటు వాసన వచ్చేది. అన్నంలో కూడా వస్తుందని చుట్టాలు అనేవారు, మాకు మాత్రం తెలిసేది కాదు. దుకాణంలో ఏదీ మూత వేసి అమ్మేవారు కాదు. గిరాకీ తెచ్చుకున్న డబ్బాలోకో, చిప్పలోకో, కాగితం పొట్లంలోకో తూకం వేసి ఇవ్వడమే పద్ధతి. మా పెద్దబాపు తెల్లధోవతి, తెల్ల బనియను, చెవిలో పెన్సిలు. మా తాత నుంచి దుకాణం ఆయన చేతికి వచ్చింది. మా నాన్న, అంటే మా బాపు, ఆయనకు తమ్ముడు, పనిలో సగం, మాటలో ఏమీ లేదు. అన్న కూర్చుంటే బాపు నిలబడేవాడు. అన్న మొదటి ముద్ద పెట్టుకున్నాకే తినేవాడు. దీన్ని మా వీధివాళ్ళు రామలక్ష్మణుల పొత్తు అనేవారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

రోజూ పొద్దున స్నానం కాకముందే పెద్దబాపు వాకిట్లో పొయ్యి వెలిగించి నల్లబడ్డ పెద్ద గిన్నెలో మైదాపిండిని నీళ్ళతో ఉడికించేవాడు. పోస్టర్లు అతికించడానికి వాడే ఆ పల్చని జిగురును మావైపు లై అంటారు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం చిటికెడు వేసేవాడు. వెదురు కర్రతో తిప్పుతూ, కర్రను పైకెత్తి చూసి, "తీగ సాగుతుంది, ఇగ దించాలె," అనేవాడు. దించిన లై చల్లారినాక దుకాణంలో ఉన్న తెల్లబంక డ్రమ్ములోకి పోయేది. హైదరాబాదు నుంచి వచ్చిన బంక ఎంత, మా వాకిట్లో ఉడికిన లై ఎంత అన్న లెక్క ఆయన ఒక్కడికే తెలుసు. ఇంట్లో దీనికి కల్తీ అన్న పేరు లేదు, పలచన చేయడం అనేవారు. "కాగితాలు అతికిచ్చెటోనికి, పతంగులు జేసెటోనికి గంత చిక్కటిదెందుకె? వాని బ్రష్షు గూడ ఆడదు," అని మా అమ్మకు ఒకసారి ఆయనే వివరించాడు. కుర్చీ కాలు, పెట్టె మూత, పుస్తకం అట్ట, పొడిగా ఉన్నంతకాలం అన్నీ అతుక్కునే ఉండేవి. మా ఊరి ఎండలో అన్నీ పొడిగానే ఉండేవి. అందుకే ఆ డ్రమ్ము గుట్టు ఎన్నడూ బయటపడలేదు. ఆ బంకతో పడవ చేసే పిచ్చిదెవరూ అంతవరకు పుట్టలేదు.

ఆ పిచ్చి నాకు ఒక రష్యన్ పిల్లల పుస్తకం వల్ల పట్టింది. బస్టాండు దగ్గర వ్యాను వచ్చి ఆగి, తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు అమ్మిన రోజులవి. అందులో చెక్కపడవ ఎలా చేస్తారో బొమ్మలు వేసి ఉంది. అడుగున దూలం, దాని మీద చేప ముళ్ళలా వరసగా పక్కటెముకలు, వాటి మీద నీళ్ళలో ఉడికించి వంచిన పల్చని పలకలు. సముద్రం చూడని పిల్లను, గోదారి కూడా చూడలేదు. చూసిన నీళ్ళంటే కోమటి చెరువు. అయినా ఆ పుటలు చిరిగిపోయేదాకా చూశాను. స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసినప్పుడు, బరువు మోసి తేలే పడవ చేస్తానని సైన్సు సారుకు పేరిచ్చాను. మంచిది వస్తే జిల్లాకు, సంగారెడ్డికి పంపుతామన్నారు. ఆ సాయంత్రం బాపు చేతులు కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని నిలబడి, జిల్లాకు పోతే పాలిటెక్నిక్ పరీక్ష రాయిస్తావా అని అడిగాను. ఆయన చాలాసేపు తుండుగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "ముందు పో. జిల్లాకు పోయినంక మీ పెద్దబాపుతోని నేనే మాట్లాడుత," అన్నాడు. మా బాపు తన అన్నతో మాట్లాడతాననడం నేను అంతవరకు వినలేదు. అంచేత ఆ పడవ నాకు ఆటవస్తువు కాదు. అది తేలితే నేను చదువుతాను, మునిగితే లేదు.

మా దుకాణం పక్క సందులో ఖాజా చాచా కార్ఖానా ఉండేది. మంచాలు, బల్లలు, తలుపులు చేసేవాడు. ఆ జాగ మా పెద్దబాపుదే, చాచా కిరాయికి ఉండేవాడు. టేకు ముక్కలు దూలానికీ పక్కటెముకలకూ ఆయనే ఇచ్చాడు. పలకలకు ఆపిల్ పండ్ల పెట్టెల తేలిక చెక్కను రందా పట్టి పల్చగా తీసిచ్చాడు. బంక దగ్గరికి వచ్చేసరికి మా ఇద్దరికీ పోట్లాట. ఆయనకు సరేసు తప్ప ఇంకొకటి బంకే కాదు. తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసే ఆ గోధుమరంగు బిళ్ళలను నానబెట్టి, చిన్న కుంపటి మీద కరిగించి వేడివేడిగా పూసేవాడు. "మా దాదా చేసిన మంచం ఇప్పటికీ ఉన్నది బేటీ. సరేసు అంటె సరేసే," అనేవాడు. "మీ దాదా మంచం చెరువుల ఏసిన్రా చాచా?" అన్నాను. ఆయన పడిపడి నవ్వి, పనివాళ్ళందరికీ వినిపించి మళ్ళీ నవ్వాడు. నేను సరేసు ముక్క ఇంటికి తెచ్చుకుని హౌజు గట్టు మీద కరిగిస్తే మా బాపమ్మ లోపలి గదిలోంచి పసిగట్టింది. కళ్ళు సరిగ్గా కనిపించని మనిషి, ముక్కు మాత్రం గద్దకున్నట్టు పనిచేసేది. "ఎవలే వాకిట్ల తోలు ఉడుకవెట్టింది? దేవునర్ర ఇటే ఉన్నది, పోరికి మతి లేదా?" అని అరిచి, పసుపునీళ్ళు చల్లించి, నన్ను ఆ పూట వంటింట్లోకి రానివ్వలేదు.

అయినా పరీక్షలు మానలేదు. ఒకే చెక్కను జతలుగా కోసి, ఒక్కో జతను ఒక్కో బంకతో అతికించి, ఆరినాక వేర్వేరు గిన్నెల్లో నీళ్ళలో నానేశాను. తుమ్మబంక ఒక పూటకే వదిలింది. సరేసు ఒక రాత్రికి జారుడు పట్టి చేతిలోకి వచ్చింది. అది చూపిస్తే చాచా, "నీళ్ళు ఖరాబున్నయి," అన్నాడు. సైకిల్ పంచరు సొల్యూషన్ విడిపోలేదు గానీ రబ్బరులా సాగింది, పలక ఒంపు నిలవలేదు. మా డ్రమ్ము తెల్లబంక జత తెల్లవారేసరికి దేనికదిగా తేలుతోంది. నీళ్ళు పాలలా మారాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన మైదా వాసన. చివరి గిన్నెలోది రెండు ట్యూబుల బంక. ఎపాక్సీ అన్న పేరు అట్ట మీద ఉన్నా మా ఊళ్ళో అందరూ రెండు ట్యూబులదనే అనేవారు. పాలరాయి పలక ఉన్న బల్ల చేయించుకున్న ఎవరో చాచా దగ్గర సగం వాడిన ట్యూబులు వదిలి వెళ్ళారు. ఒకదాంట్లో తేనెరంగు ముద్ద, ఇంకోదాంట్లో కుళ్ళిన చేప వాసన వేసే మందు. రెండూ సమానంగా తీసి, రంగు ఒక్కటయ్యేదాకా కలపాలి. పలచన చేయడానికి వీల్లేదు, ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచడానికి వీల్లేదు. నాకు అందులో నచ్చింది అదే. ఆ జత ఎన్ని రోజులు నానేసినా రాలేదు. సుత్తితో కొడితే పక్కన చెక్క చీలింది తప్ప అతుకు కదలలేదు.

ఆ ట్యూబుల్లో మిగిలింది దూలానికీ పక్కటెముకలకూ సరిపోయింది. పలకలన్నిటికీ ఇంకో జత కావాలి. మా దుకాణంలో అవి ఉండేవి కావు, మూత వేసి వచ్చే సరుకు మీద పెద్దబాపుకు నమ్మకం లేదు. అవి దొరికేది ఎదురు దుకాణంలోనే. ఆ దుకాణం పెట్టినతను ఒకప్పుడు మా దగ్గర గుమాస్తా. విడిపోయి, రోడ్డుకు అవతల సరిగ్గా మా గల్లా ఎదురుగా దుకాణం తెరిచి, అన్నీ సీలు వేసిన డబ్బాలే అమ్మేవాడు. మా ఇంట్లో అతని పేరు పలికేవారు కాదు, ఎదురోడు అనేవారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను విడిపోయిన ముక్కలూ విడిపోని ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఎందుకు ఆ బంకే కావాలో చెప్పాను. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ముందు థిన్నరుతో తుడవాలని, నున్నగా ఉంటే పట్టదు కాబట్టి మేకు మొనతో అడ్డంగా గీతలు పెట్టాలని, తెల్లబంకలా గట్టిగా బిగించి పిండేస్తే అతుకులో బంకే మిగలదని, కొద్దిగా సందు వదలాలని చెప్పాను. పలకా పక్కటెముకా కలిసే మూలలో లోపలి నుంచి బంకను వేలితో లాగి ఒక కట్టలా నింపాలని చెప్పడానికి, కంచం అంచున ముద్దపప్పు పెట్టి వేలితో గుండ్రంగా లాగి చూపించాను.

"అన్నంతోని ఆటలాడుతున్నవేందే పిల్లా?" అన్నాడు పెద్దబాపు.

"ఆట గాదు పెద్దబాపు. మన బంక నీళ్ళల్ల ఆగుతలేదు. ఇగో, సూడు."

ఆయన చూడలేదు. "మన బంకతోని ఈ ఊరి తలుపులన్ని అతికినయి. నీ పడవకు వచ్చిందా రోగం?"

"తలుపులు నీళ్ళల్ల ఉంటయా? అండ్ల లై ఉన్నది గదా, నానుతది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో అందరికీ తెలిసిన మాటను కంచాల ముందు పైకి అన్నది నేనొక్కదాన్నే. పెద్దబాపు ముద్ద కంచంలో పెట్టి, నాతో కాదు, మా బాపుతో అన్నాడు: "ఏందిరా, నీ బిడ్డ ఎదురోని దగ్గర బంక కొంటదట. గల్లా మీద గూసుండి నేను సూడాల్నట. రంగుల దుకాణమోళ్ళ పిల్ల రోడ్డు దాటి బంక కొనుక్కస్తె, రేపు నా డ్రమ్ముల ఎవడు డబ్బా ముంచుతడురా?"

బాపు కంచంలోకి చూస్తూ తిన్నాడు. పప్పు కలుపుకున్నాడు, మజ్జిగ పోసుకున్నాడు. చేయి కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి, "పెద్దబాపు ఇచ్చిన దానితోనే చెయ్యి బిడ్డా. పైన వార్నిష్ దట్టంగ గొట్టు," అన్నాడు. ఖాజా చాచాతో తెప్పించుకుంటానన్నాను. "ఆయన జాగ ఎవలదో యాదికున్నదా? ఆ ముసలాయనను రోడ్డు మీద ఎయ్యకు," అన్నాడు. అది నిజమే. మునిగిపోవడానికైనా ఒప్పుకుంటారు గానీ, రోడ్డు దాటి వెళ్ళడానికి ఒప్పుకోరు. మా ఇంటి పరువు అంటే అది.

పలకలు నానబెట్టి, వంచి, ఎండలో పెట్టి, మా అమ్మ బట్టలారేసే క్లిప్పులతోనూ, సైకిల్ ట్యూబు కోసిన పట్టీలతోనూ బిగించాను. డ్రమ్ములోంచి వచ్చిన బంకనే పూశాను. వార్నిష్ మీద వార్నిష్ వేశాను. చూడడానికి ఆ పడవలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒంపు అచ్చం పుస్తకంలోలా వచ్చింది.

ఎగ్జిబిషన్ నాడు స్కూలు ఆవరణలో ఉన్న సిమెంటు హౌజు చుట్టూ పిల్లలు, పెద్దలు. గోడలకు రంగులిచ్చిన దాతగా మా పెద్దబాపుకు ముందు వరసలో కుర్చీ. బాపు ఆయన కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను పడవను నీళ్ళలో వదిలి, దుకాణం తూకపురాళ్ళు ఒక్కొక్కటే పెట్టాను. తేలింది. సైన్సు సారు లోతు, బరువు గురించి వివరిస్తున్నారు. చప్పట్లు కొట్టారు. ఆయన వివరణ పూర్తి కాకముందే ముక్కు దగ్గరి పలక ఒకటి, మడత విప్పుకున్న కాగితంలా మెల్లగా పైకి లేచింది. తర్వాత దాని పక్కది. నీళ్ళు తెల్లబడ్డాయి. మెతుకులు పులిసిన వాసన ముందు వరసదాకా వచ్చింది. తూకపురాళ్ళు అడుక్కి పోయాయి. చివరకు హౌజు మీద తేలుతూ మిగిలింది దూలమూ పక్కటెముకలూ. ఎపాక్సీ పెట్టిన అతుకుల్లో ఒక్కటీ కదలలేదు. చూసే కళ్ళుంటే అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పెద్దబాపు లేచి, అందరికీ వినిపించేలా నవ్వాడు. "మా పిల్లకు జెప్తనే ఉన్న. అతికిచ్చుడు నేర్సుకోవాలె ముందుగాల అని. బంకది ఏముంటది? చేతులు కుదురుండాలె." జనం నవ్వారు. నేను తెల్లటి నీళ్ళను చేతిలోకి తీసుకుని, ఇది ఏమిటో చెప్పడానికి నోరు తెరిచాను. బాపు నా వైపు చూసి, "సరోజా," అన్నాడు. అంతే, పేరొక్కటే. ఆ పిలుపుకు నోరు మూసుకోవడం నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

ఇంటికి వచ్చాక పాలిటెక్నిక్ ఊసు మళ్ళీ ఎత్తే అవకాశం లేకుండా పెద్దబాపే మూత పెట్టాడు. "చేతులు కుదురని పిల్ల చెక్కలు, ఇనుము పట్టుకునేం జేస్తది? లెక్కలల్ల మంచిగున్నది గద, కామర్స్ ల ఎయ్యి." బాపు నన్ను సిద్దిపేటలోనే కామర్సులో చేర్పించాడు. నేను పడవ ముక్కలను అటక మీదికి విసిరేసి మళ్ళీ చూడలేదు. లెక్కలు నేర్చుకున్నాను, ఆడిట్ లోకి వెళ్ళాను. జీవితమంతా ఇతరుల గోదాముల్లో సరుకు ఎంత, నీళ్ళెంత అని పట్టుకోవడమే నా పని అయింది. బాగా పట్టుకునేదాన్ని. కోపం లేకుండా ఆ పని చేశానని చెప్పలేను. పెద్దబాపును క్షమించలేదు. బాపును మాత్రం క్షమించాను. అన్న మాట దాటలేని మనిషి, ఏం చేస్తాడు, ఆయనకు బంకల సంగతి ఏం తెలుసు, నా చేతులదే తప్పని నిజంగానే నమ్మి ఉంటాడు అనుకున్నాను. ఆయన పోయినప్పుడు అలా అనుకునే ఏడ్చాను.

మళ్ళీ దినాల రోజుకు వస్తాను. దుకాణం కూల్చి రమేశన్న టైల్స్ షోరూం కడుతున్నాడు. సరుకంతా వాకిట్లో కుప్పలు వేసి ఉంది. మా ఇంటి ఆడపిల్లలం ఎదిగినాక దుకాణంలో అడుగుపెట్టే ఆచారం లేదు. పెళ్ళయ్యాక వచ్చిపోయినప్పుడు కూడా నేను వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చి, అటే వెళ్ళిపోయేదాన్ని. అందుకని ఆ కుప్పలో, ఖాళీ వార్నిష్ డబ్బాల మధ్య, దుమ్ము పట్టి నిటారుగా నిలబడి ఉన్న నా పడవను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. పలకలన్నీ ఉన్నాయి. అన్నీ అతికి ఉన్నాయి.

"యాదికొచ్చిందా? గల్లా మీది అరల ఉంటుండె," అన్నాడు రమేశన్న. "గిరాకిలకు నాయిన ఇదే జూపెట్టెటోడు. మా సరోజ చేసింది, ఇన్నేండ్లాయె, ఒక్క పలక ఊడలేదు, రెండు ట్యూబులది అంటె గట్లుంటది అని. ఎవలడిగినా అమ్మలే. తర్వాత తర్వాత మనం గూడ ట్యూబులు అమ్మినం గదా."

నా ఒళ్ళు మండిపోయింది. మా సరోజ చేసింది! ఆ మాట అనడానికి ఆయనకు నోరుందన్నమాట. బేరం కోసం ఊరందరి ముందూ అన్నాడు. స్కూలు హౌజు దగ్గర మాత్రం అనలేకపోయాడు. "అంటే పెద్దబాపుకు అప్పుడే తెలుసు," అన్నాను. "తన బంక పనికిరాదని తెలిసే, దీన్ని దొంగచాటుగా మంచి బంకతో అతికించి, పైన పెట్టుకుని అమ్ముకున్నాడు. రమేశన్నా, సాయంత్రం ఈ పడవ పట్టుకుని మాట్లాడతాను. నిజాయితీ గురించే కదా చెప్పమన్నావు!"

రమేశన్న నా ముఖం వంక అయోమయంగా చూశాడు. "నాయిన అతికియ్యలే చెల్లె. నాయినకు గంత ఓపిక యాడిది? చిన్నబాపు అతికిచ్చిండు. మీ బాపు."

నేను పడవను రెండు చేతులా ఎత్తాను.

"నువ్వు కాలేజీల చేరినంక, ఎండకాలం. పగటీలి దుకాణం మూసినప్పుడు డాబా మీద గూసుండెటోడు. ట్యూబులు నేనే తెచ్చిచ్చిన, ఎదురోని దగ్గర. పాపం, తానే పోదామని ఎదురోని మెట్ల దాక పోయి ఎనుకకు వచ్చిండు. మల్ల నన్ను పంపిండు. అంత అయినంక నాయిన ముంగట వెట్టిండు. నాయిన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఏమనకుంట అరల వెట్టిండు. అది అయినంక లై వండుడు బంద్."

"నాకెందుకు చెప్పలేదు?"

"జెప్దామా అని అడిగిన. వద్దన్నడు. కాలేజీల చేరింది గద, ఇగ జెప్పి ఏమొస్తది అన్నడు."

పడవను ఎండ వెలుతురులోకి తీసుకెళ్ళి లోపలి దుమ్ము తుడిచాను. లోపల, ప్రతి పక్కటెముక దగ్గరా, పలక కలిసే మూలలో తేనెరంగు బంక వేలితో గుండ్రంగా లాగి, సన్నని కట్టలా నింపి ఉంది. కంచం అంచున నేను ముద్దపప్పుతో లాగినట్లే. ఒక పలక కొద్దిగా పొట్టిదై పక్కటెముక అంచు బయటపడిన చోట, టేకు మీద మేకు మొనతో గీసిన అడ్డగీతలు కనిపించాయి. అతుకుల సందు ఎక్కడా పిండుకుపోలేదు. సన్నగా, సమానంగా వదిలి ఉంది. తలవంచుకుని పప్పన్నం కలుపుకుంటూ తిన్న మనిషి, ఒక్కసారి కూడా తలెత్తి నా చేతిలోని ముక్కల వైపు చూడని మనిషి, నేను చెప్పిన ప్రతి మాటా విన్నాడు. ఒక్కటి కూడా మరిచిపోలేదు. థిన్నరు తుడవడంతో సహా అన్నీ చేసి ఉంటాడు, లేకపోతే టేకు ఇన్నేళ్ళు పట్టుకోదు. నా చేతుల్లో తప్పు లేదని ఆయన తన చేతులతో తెలుసుకున్నాడు. ఆ తర్వాత అదే ఇంట్లో, అదే కంచాల ముందు, నా పెళ్ళయ్యేదాకా రోజూ నాతో కలిసి తిన్నాడు. ప్రతిరోజూ ఆ పడవ కింద నిలబడి తూకం వేశాడు. చేతులు కుదురని పిల్ల అన్న మాట చుట్టాల నోళ్ళలో నలుగుతుంటే విన్నాడు. ఏమొస్తది అనుకున్నాడు. ఏమొచ్చేదో నేను చెప్పగలను. పాలిటెక్నిక్ పరీక్ష మరుసటి ఏడాది కూడా ఉండింది.

ఇది చదివి, పాపం ఆ తండ్రి ప్రేమ అలా చూపించుకున్నాడని ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే, దయచేసి నా పేరు మీద తుడుచుకోవద్దని మనవి. పెద్దబాపు అబద్ధం ఆడాడు, ఆయన మీద కోపం సూటిగా ఉండేది, మోయడం తేలిక. ఈ కోపాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఇప్పుడు ఏ కిరాణా కొట్టులోనైనా రెండు గొట్టాల బంక వేలాడుతుంది, నిమిషాల్లో గట్టిపడేది. కోమటి చెరువు మీద రంగుదీపాలు, పడవ షికార్లు. ఆడపిల్లలు రోడ్డు దాటి ఏ దుకాణంలోకైనా వెళ్తున్నారు. సరుకంతా సీలు వేసే వస్తోంది. ఆ కాలం మంచిదన్నవాళ్ళ నోటికి నేను అడ్డం పడను గానీ, నా ముందు అనవద్దు.

సాయంత్రం నేను మాట్లాడలేదు. అంతకుముందే పడవను వాకిట్లో హౌజులో వదిలి, కుప్పలో దొరికిన తూకపురాళ్ళు, ఆనాటివే, వరసగా పెట్టాను. ఆ రోజు పెట్టినన్ని పెట్టాను, మిగిలినవి కూడా పెట్టాను. అంచుదాకా దిగి నిలిచింది. లోపల వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

"తీస్కపో చెల్లె, నీదే గద," అన్నాడు రమేశన్న.

"వద్దు. తీయకు, ఇందులోనే ఉండనీ. పొద్దున నీళ్ళు చొచ్చాయేమో చూసి ఫోన్ చెయ్యి," అని బస్సెక్కాను.

మర్నాడు చేశాడు. "పొడిగనే ఉంది," అన్నాడు. ఇంకా ఉంచమన్నాను. తర్వాత మళ్ళీ చేశాడు, మేస్త్రీలు వచ్చారని, హౌజు కూల్చాలని, రాళ్ళ బరువుకు కూడా లొంగలేదని, ఇక తీయనా అని అడిగాడు. ఆయన గొంతులో విసుగు తెలుస్తోంది. ఒక్క చోటైనా తడి ఉందని వినాలనిపించి, లోపల సరిగ్గా చూశావా, మూలల్లో, పక్కటెముకల దగ్గర తడి లేదా అని అడిగాను.

"చేయివెట్టి సూసిన చెల్లె. ఏడ లేదు."

"ఇంకో రోజు ఉంచు," అన్నాను.